పుట్టింటి పుస్తెకు బంగారం వెతుకుతూ

పొద్దున ఆరు గంటలకు ఆదిలాబాద్‌లో బస్సెక్కాను. అరకిలో బంగారం తేవడానికి పోతున్నానని పక్కసీటాయనకు చెప్పాను. ఆయన తన చేతిసంచి దగ్గరికి లాక్కున్నాడు. నిజానికి నేను తేబోయేది తులం కన్నా తక్కువే.

మా మనుమరాలు స్వప్న పెళ్లి దగ్గరపడింది. మా వైపు రెండు పుస్తెలు కడతారు. ఒకటి అత్తింటివారు చేయిస్తారు, ఒకటి పుట్టింటివారు. మా వంతు పుస్తె కోసం దుబాయిలో ఉన్న ఆమె అన్న నవీన్ ఒక బంగారు బిళ్ళ కొని, సెలవు మీద వస్తున్న మెట్‌పల్లి మిత్రుడి చేతికిచ్చి పంపాడు. పంపిన తరువాత నవీన్ గదిలోనే ఉండే సూడాన్ మనిషి తన ఊరి సంగతి చెప్పాడట. అక్కడి బంగారు గనిని తుపాకులవాళ్ళు పట్టుకున్నారు, ఊరు ఖాళీ అయింది, అతని తమ్ముడు ఆ గుంత దగ్గరే చనిపోయాడు. ఆ బంగారం చేతులు మారి దుబాయి దుకాణాలకే వస్తుందట. నవీన్ ఈ మాట చెల్లెలికి చెప్పాడు.

"ఒకల పానం తీసి తెచ్చిందైతే నా మెడల కట్టించుకోను తాతా. యాడికెళ్లి వచ్చిందో అడుగు. తెల్వకపోతే పుస్తె చేయించకు" అంది స్వప్న.

"అడిగి నీకు చెప్త బిడ్డా."

"నువ్వు చెప్పుడు కాదు. వాళ్లతోటే ఫోన్ల చెప్పియ్యి."

నా సంగతి ఆమెకు బాగా తెలుసు.

నిర్మల్‌లో బస్సు మారాలి. ఈ దారిన వచ్చేవాళ్ళు ఇక్కడే టిఫిన్ చేస్తే మంచిది, తరువాత మెట్‌పల్లి దాకా మంచి చాయ కూడా దొరకదు. బస్సు నిండా ఆధార్ కార్డు చూపించి ఉచితంగా వెళ్లే ఆడవాళ్లే. టికెట్ డబ్బులిచ్చిన నేను సోన్ దాకా నిలబడ్డాను. చివరికి ఒకామె జరిగి చోటిచ్చి, నా వేలు చూసింది.

"ఉంగరం మంచిగున్నదే తాతా."

"గోదావరి వరదల కలెక్టరును కాపాడితే ఇచ్చిండు."

"గాయనకు ఈత రాదా?"

"రాదు."

"మరి నీకస్తదా?"

బస్సు అప్పుడే గోదావరి వంతెన ఎక్కింది. కిటికీలోంచి నీళ్ళు చూస్తూ ఉండిపోయాను. నాకు ఈత రాదు. కలెక్టరు కథ ఆదిలాబాద్ జిల్లాలో చాలామంది విన్నారు. దుబాయి షేకు బహుమానమని చెప్పిన రోజులు కూడా ఉన్నాయి.

ఆర్మూర్ మీదుగా మెట్‌పల్లి చేరేసరికి పదకొండు దాటింది. నవీన్ మిత్రుడు గంగాధర్ ఇల్లు బస్టాండుకు దగ్గరే. బిళ్ళ చేతిలో పెట్టాడు. అది ఎక్కడిదని అడిగాను.

"దుబాయిదే తాతా."

"దుబాయిల తవ్విండ్రా?"

"తవ్వుడేంది? దుకాణంల కొన్నం. చీటి గూడ ఉన్నది."

చీటి మీద దుకాణం ఉంది, బరువు ఉంది. ఏ నేలలోంచి వచ్చిందో లేదు. స్వప్నకు ఫోన్ కలిపి ఇచ్చాను. గంగాధర్ ఆమెకూ అంతే చెప్పాడు.

జగిత్యాల మీదుగా కరీంనగర్ బస్సు. గంగాధర అనే ఊరి దగ్గర గ్రానైట్ లారీలు మమ్మల్ని ఆపేశాయి. ఒక్కో బండ మీదా రంగుతో నంబరూ, క్వారీ గుర్తూ రాసి ఉన్నాయి. ఏ గుట్టలో కోసిన రాయో విదేశాల్లో కొన్నవాడికి కూడా తెలియాలట. నా జేబులో బిళ్ళ తడిమి చూసుకున్నాను.

కరీంనగర్‌లో మా కుటుంబానికి తరాలుగా నగలు చేసే అవుసలి వీరాచారి బిళ్ళను గీటురాయి మీద గీశాడు.

"బంగారం మంచిదే. రేపు పొద్దుగాల స్నానం చేసి రా. పద్ధతి ఎరికేనాయె?"

ఎరికే. పుస్తె బంగారం కరిగించే ముందు, అది ఎక్కడిదో తెచ్చినవాళ్ళు దీపం ముందు పైకి చెప్పాలి. ఆ మాట విన్నాకే వీరాచారి కుంపటి ఊదుతాడు. వాళ్ళ నాయన పెట్టిన పద్ధతి. దొంగసొమ్ము వచ్చి పడకుండా పెట్టాడట.

బస్టాండు ముందు లాడ్జిలో దిగాను. గది పర్వాలేదు, దోమలకు మీరే ఏర్పాటు చేసుకోవాలి. పడుకునేలోపు ఒక మంచి మాట తయారు చేసుకున్నాను. దుకాణం యజమానితో నేనే మాట్లాడాననీ, ఇది కర్ణాటక గనిలోదనీ. పేరున్న గని, ఎవరూ అడ్డం అడగరు.

పొద్దున వీరాచారి దీపం ముట్టించాడు. స్వప్న వీడియో కాల్‌లో ఉంది. కర్ణాటక అనే మాట నోటిదాకా వచ్చింది. ఫోన్‌లో ఆమె మెడ కనిపిస్తోంది, ఖాళీగా. బిళ్ళను మళ్ళీ జేబులో వేసుకుని, ఉంగరం తీసి పళ్ళెంలో పెట్టాను.

"ఇది మీ బాపమ్మది బిడ్డా. నేను కట్టిన పుస్తెలు, ఆమె పోయిననాడు మెడలకెళ్లి తీసినయి. కరిగించి ఉంగరం చేయించుకున్న."

"మరి కలెక్టరు?"

"కలెక్టరు లేడు."

ఆమె నా మాట పక్కన పెట్టి వీరాచారిని అడిగింది. "నిజమేనా కాకా?"

"నిజమే బిడ్డా. మీ బాపమ్మ పుస్తెలు మా బాపు చేసిండు. గీ ఉంగరం నేనే చేసిన."

"అంతకుముందు యాడిది?"

వీరాచారి నన్ను చూశాడు. "మీ తాత వాళ్లవ్వ కడియం. దానికి ముందుది నాకు తెల్వది."

"తెల్వదని చెప్పినవు, గది చాలు. ఊదు కాకా" అంది స్వప్న.

మధ్యాహ్నానికి పుస్తె తయారైంది. రెండు గంటల బస్సుకు తిరుగుప్రయాణం. ఒక జేబులో పుస్తె, ఇంకో జేబులో బిళ్ళ. బిళ్ళను ఏం చేయాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అందులో సూడాన్ వాడి తమ్ముడు ఉన్నాడో లేడో గాని, నవీన్ ఓవర్‌టైం మాత్రం ఉంది. వాడు వచ్చేదాకా బీరువాలో ఉంటుంది.

కోరుట్ల దాటాక పక్కనున్న పెద్దమనిషి నా వేలి మీది తెల్లటి గీత చూశాడు.

"ఉంగరం పోయిందా అన్నా?"

"పోలే. మా మనుమరాలి పుస్తె అయింది."

ఆయన తలూపి, అటు తిరిగి కూర్చున్నాడు. నమ్మినట్టు లేడు. కలెక్టరు కథను మాత్రం అందరూ నమ్మేవారు.