వేలిముద్ర పడని పెద్దమ్మ

మా యజమాని పుట్టుకతోనే ఎవర్నీ నమ్మని మనిషి. తూకం వేసేవాణ్ణి నమ్మడు, లారీ డ్రైవర్‌ని నమ్మడు, ఇంట్లో పెరుగు తోడేసినవాళ్లనీ నమ్మడు. అలాంటాయన దగ్గరికి హైదరాబాద్ నుంచి ఇద్దరు నిపుణులు వచ్చి, గోడమీద రంగురంగుల బొమ్మలు చూపిస్తూ, ఎవర్నీ నమ్మకపోవడమే నేటి కంపెనీలకు అసలైన భద్రత అనీ, దాన్ని జీరో ట్రస్ట్ అంటారనీ చెప్పారు. ఆయన మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్లూ ఊరంతా తిట్టిపోసిన గుణానికి ఇంగ్లీషులో పేరుందని ఆయనకు ఆరోజే తెలిసింది.

మాది వేటపాలెంలో జీడిపప్పు యూనిట్. నేను అక్కడ కంప్యూటర్ మనిషిని. అంటే బిల్లులు, ప్రింటర్, యజమాని ఫోన్, ఆగిపోయిన ఫ్యాను, అన్నీ నావే. నెల తిరక్కుండా గేటుకొకటి, గోదాముకొకటి, ఆఫీసుకొకటి వేలిముద్ర మిషన్లు బిగించాం. భోజనాల షెడ్డుకీ ఒకటి పెట్టమన్నాడు. అక్కడ దొంగిలించడానికి ఏముందండీ అంటే, "టైము" అన్నాడు.

జీడిపిక్క పగలగొడితే వచ్చే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఏళ్ల తరబడి ఆ పని చేసిన ఆడవాళ్ల వేళ్లు గీతలు పోయి నున్నగా అయిపోతాయి. ఈ సంగతి వేటపాలెంలో చంటిపిల్లలకు కూడా తెలుసు. మిషన్లు కొనేటప్పుడు మాలో ఒక్కడికీ తట్టలేదు. ఆ తట్టనివాళ్లలో నేనూ ఉన్నాను.

అందరికన్నా ఎక్కువ అవస్థ పడింది మేమంతా పెద్దమ్మా అని పిలిచే ముసలావిడ. యజమాని తండ్రి హయాం నుంచి అక్కడే పని. పొద్దున్నే గేటు దగ్గర మిషన్లో తన హాజరు నంబరు కొట్టి, వేలు చీర కొంగుకి తుడిచేది, నోటితో ఊదేది, మళ్లీ నొక్కేది. మిషను ప్రతిసారీ ఎర్రలైటు వేసి కీచుమనేది. "ఏందయ్యా, ఈ వయసులో నా వేలికి పరీక్షలు!" అని నవ్వేది. వాచ్‌మన్ గేటు తీసేవాడు. నేను ఆమె హాజరు చేత్తో వేసేవాణ్ణి.

యజమాని అవస్థ వేరు. రెండోరోజే నన్ను పిలిచి, "నా కంపెనీలోకి నేను రావటానికి మిషన్ని అడుక్కోవాలా? నాకివన్నీ తీసెయ్" అన్నాడు. ఎవర్నీ నమ్మకూడదు కదండీ అని గొణిగాను. "ఎవర్నీ అంటే నన్ను కూడానా? బుర్ర ఉందా నీకు?" అన్నాడు. నేను "అలాగేనండి" అన్నాను. నా ఉద్యోగం ఆ మాటమీదే నిలబడింది. పాస్‌వర్డ్ కొట్టాక ఆయన ఫోనుకి వచ్చే కోడ్ కూడా ఆపేశాను. ఏ ఊరి నుంచైనా, ఏ కంప్యూటర్ నుంచైనా, ఒక్క పాస్‌వర్డ్ కొడితే కంపెనీ మొత్తం తెరుచుకునేలా పెట్టాను.

ఒక మధ్యాహ్నం ఆయనకు ఫోనొచ్చింది. మీ సెక్యూరిటీ కంపెనీ నుంచి, మీ భద్రత పరీక్షిస్తున్నామండీ అన్నారట. ఫోన్లో గట్టిగా అరిస్తేనే అవతలికి వినబడుతుందని ఆయన నమ్మకం. ఆయనకున్న నమ్మకం అదొక్కటే. వరండాలో నిలబడి పాస్‌వర్డ్ అక్షరం అక్షరం చెప్పాడు. "ఆ, మొదటిది పెద్దక్షరమేనండీ!" నేను పరిగెత్తుకెళ్లి చేతులూపాను. నోర్మూసుకోమని సైగ చేశాడు. పప్పు ఏరుతున్న ఆడవాళ్లందరూ విన్నారు.

వారం తిరిగేసరికి ఆ ఆడవాళ్లకే ముక్కూమొహం తెలియనివాళ్లు ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. ఇంటిపేరు, డోర్ నంబరు, ఆధార్ అంకెలు గడగడా చదివి భయపెట్టేవాళ్లు. కంపెనీ కంప్యూటర్లో దాచిన వాళ్ల కాగితాలన్నీ బయటికి పోయాయి. మళ్లీ నిపుణులు వచ్చారు. రెండురోజులు ఏసీ గదిలో కూర్చుని, వేయించిన జీడిపప్పు తిని, రిపోర్టు రాశారు. అనుమానాస్పద ప్రయత్నాల్లో మొదటి స్థానం పెద్దమ్మ నంబరుది. గేటు దగ్గర ఎర్రలైటు వెలిగిన ప్రతిసారీ ఒక నేరంగా లెక్కకొచ్చింది. యజమాని పేరు రిపోర్టులో ఒకేచోట ఉంది, అట్టమీద, కృతజ్ఞతల కింద.

పెద్దమ్మను యజమాని గదిలోకి పిలిచారు. కాగితాలు బయటికి పోయిన రోజు యజమాని పాస్‌వర్డ్‌తో ఎవరో పరాయి ఊరి నుంచి లోపలికొచ్చిన వివరం ప్రింటు తీసి నా చేతిలోనే పట్టుకున్నాను.

"రేపట్నుంచి రాబాకు" అన్నాడు యజమాని.

"నేనేం చేశానయ్యా? కంప్యూటర్ ఎట్టా ఉంటదో కూడా నాకు తెలీదే!" అని ఆమె నావైపు తిరిగింది. "మిషనుకైతే నేనెవరో తెలీదు. నీకు తెలుసుగా బాబూ. నువ్వు చెప్పు."

యజమాని కూడా నావైపు చూశాడు. చేతిలో కాగితం మడిచాను.

"రిపోర్టులో అట్లా ఉంది పెద్దమ్మా."

ఆమె కొంగు సర్దుకుంది.

"పోనీలే బాబూ, నీకూ పిల్లలున్నారు."

తిట్టి ఉంటే ఎలాగో తట్టుకునేవాణ్ణి. నా పిరికితనానికి సాకు కూడా ఆమే వెతికి నా చేతిలో పెట్టి వెళ్లింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మర్నాడు టైముకే పనిలోకి వెళ్లాను. ఆ పిల్లలకు మాత్రం ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.