బస్సులో ఒలికిన కవిత

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోవాలనుకునేవాళ్లు పొద్దున ఏడింటి ఎర్రబస్సే ఎక్కండి. ఆ తర్వాతి బస్సులో నిలబడేదానికి కూడా జాగా ఉండదు. ఎనభైల మొదట్లో నేనూ దాసూ పోయింది ఏడింటి బస్సులోనే. నాది గడియారాలు బాగుచేసే అంగడి. దాసు ఎలిమెంటరీ బడి అయ్యవారు. ఇద్దరం కలిసి మూడు నెలలకోసారి ‘పదును’ అని చిన్న కవితల పత్రిక తెచ్చేవాళ్లం.

ఆసారి పేజీలన్నీ నంద్యాల ప్రెస్సులో సీసం అక్షరాలతో పేర్చి పెట్టినాక అక్కడి మిషన్ మొరాయించింది. ఆళ్లగడ్డలో ప్రెస్సున్న మస్తానన్న, "మధ్యాహ్నం దాకా నా మిషన్ మీకే, తెచ్చుకోండి" అని కబురంపినాడు. సాయంత్రం అక్కడే ఆవిష్కరణ. సీసం అక్షరాల పేజీలకు చుట్టూ దారం బిగించి, రేకు పళ్లాల్లో పెట్టి, కొయ్యపెట్టెలో సర్దినాం. ఒక్క పేజీని మాత్రం దాసు పెట్టెలో పెట్టనీలేదు. అది అచ్చు కాబోయే వాని మొదటి కవిత. మూడేండ్లు నేను తిప్పి పంపంగా పంపంగా, ఈసారి నిజంగా బాగా రాసినాడు. అమ్మానాయనా పోయినాక కూలి చేసి వాన్ని చదివించిన అక్క ఎస్తేరమ్మ, సాయంత్రం రుద్రవరం నుంచి వస్తాంది. ఆమెకు అచ్చులో తన కవిత చూపించాలని వాని ఆరాటం.

"ఒళ్లో పెట్టుకుంటానన్నా. పెట్టెలో అదురుతాది."

"చంటిబిడ్డనా అది?" అని కసిరినా. వింటేగా!

శిరివెళ్ల దాటినాక పక్కసీటు పెద్దామె వాని ఒళ్లోకి తొంగి చూసింది.

"ఏందప్పా అది, మిఠాయా?"

"నేను రాసిన కవిత, అవ్వా."

"యాడ, సూపించు."

అంతే. మనోడు పైన చుట్టిన కాయితం విప్పి, ఫోటో చూపించినట్టు పళ్లాన్ని నిలబెట్టినాడు! దారం జారి అక్షరాలన్నీ జలజలా బస్సులో రాలిపోయినాయి. నాకు ఒళ్లు మండిపోయింది. తిట్టబోయి, వాని మొగం చూసి సీట్ల కిందికి వంగి ఏరడం మొదలుపెట్టినా.

కండక్టరు బస్సు ఆపించినాడు. జనమంతా వంగి, బియ్యంలో రాళ్లేరినట్టు ఏరినారు. దాసు టిఫిను డబ్బా నిండింది. పెద్దామె మాత్రం, "నేనడక్కుంటే పోయేది" అని ఒకటే బాధపడింది.

ఎనిమిదిన్నరకు ఆళ్లగడ్డ. బస్టాండు ఎదురుగా ఉగ్గాని బజ్జీ బాగుంటాది గానీ, ఆరోజు దాసు ముట్టలేదు. మస్తానన్న డబ్బా చూసి తల అడ్డంగా ఊపినాడు.

"ఈటిని వేరుచేసి మళ్లీ పేర్చాలంటే రేపటిదాకా పడతాది. మధ్యాహ్నం నుంచి పెండ్లి పత్రికలుండాయప్పా."

"తీసెయ్యన్నా. వచ్చే సంచికలో చూస్తాం" అన్నాడు దాసు నేల చూసుకుంటా.

నాకు మొండితనం వచ్చింది. "తీసేది లేదు. పైన కవిత పేరొక్కటి వెయ్యి మస్తానన్నా, కింద ఖాళీగా వదులు."

"తెల్లకాయితం చూపించేదా అక్కకు?" అని దాసు నామీద మండిపడినాడు.

మధ్యాహ్నమంతా కాయితాలు మడిచి పిన్నులు కొట్టినాం. అయిదింటికి చర్చి బడిలో ముప్పై మంది దాకా చేరినారు. ఎస్తేరమ్మ ఉతికిన చీర కట్టుకోని ముందు బెంచీలో కూర్చుంది. అందరికీ తలా నాలుగైదు కాపీలు పంచి చెప్పినా: "ఒక కవిత బస్సులో ఒలికిపోయింది. దాసు చదువుతాడు. ఆ ఖాళీ పేజీలో మీరు రాయండి."

వాడు ఒక్కో లైను నిదానంగా చదవడం మొదలుపెట్టినాడు. టైలరు, ఆస్పత్రి నర్సమ్మ, పాస్టరుగారు, అందరూ తలలు వంచి రాస్తాండారు. నేనూ రాసినా. అచ్చుకు తీసుకున్నప్పుడు లేని ఇష్టం, రాసేటప్పుడు నాకు ఆ కవిత మీద కలిగింది. ఎస్తేరమ్మ లేచి బెంచీ బెంచీకి తిరిగి చూసింది.

"ఇంతమంది నీదే రాస్తాండారేరా!" అంది.

రాసినోళ్లు కింద సంతకం పెట్టండి అన్నా. ఆమె నా దగ్గరకొచ్చి పెన్ను అడిగింది. సంతకం తప్ప ఆమెకు రాయడం రాదు. నేను రాసిన కాపీ ముందు పెట్టినా. కవిత కింద, నా పేరుకు పైన, ఒత్తి ఒత్తి ఎస్తేరమ్మ అని పెట్టింది.

ఏడున్నరకు తిరుగు బస్సు. సీట్లు దొరికినాయి, గాలి చల్లగా ఉంది, కడుపు నిండా తిన్నాం. సంచికలు అనుకున్నదానికంటే ఎక్కువే పోయినాయి. అయినా నేను సంతోషపడింది వాటికి కాదు. దాసు ఆ కాపీ తెరిచి అక్క సంతకం మీద వేలు పెట్టి చూస్తాండాడు.

"ఇది నాకియ్యన్నా."

"నీది కాక ఇంకెవరిదప్పా?"

"నాది కాదులే," అన్నాడు, "ఆమెదే."