మా వాకిలి ముందు ఆగిన బొగ్గు లారీ

నిన్న పొద్దున మా తమ్ముడి మనవడు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు లారీలు తిప్పే ఒక కంపెనీలో వాడికి డ్రైవరు ఉద్యోగం దొరికిందట. సోమవారం నుంచి మూడు రోజులు ట్రైనింగుకు రమ్మని, వచ్చేటప్పుడు ఏమేమి తెచ్చుకోవాలో ఆ కాగితంలో రాశారు. లైసెన్సు నకళ్ళు, ఫోటోలు, రక్తం ఏ గ్రూపో రాసిన చీటీ, నల్ల బూట్లు. బూట్లు కొనడానికి ప్రొద్దుటూరు పోతున్నానని ఎంతో సంబరంగా చెప్పాడు. మా ఇంట్లో లారీ నడిపిన మొదటివాడిని నేనేనని వాడికి తెలుసు. "నీకెన్ని దినాలు ఇచ్చినారు తాతా ట్రైనింగు?" అని అడిగాడు. మూడు దినాలే అన్నాను. ఆ మూడు దినాల్లో ఏం నేర్చుకున్నానో వాడికి చెప్పలేదు. బొగ్గుతో నడిచిన లారీలను కళ్ళారా చూసిన నా ఈడువాళ్ళు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు కనుక, వాళ్ళకోసం ఇక్కడ రాస్తున్నాను.

మా ఊరు పెన్న ఒడ్డున, గండికోట కొండలు నీలంగా కనిపించేంత దూరంలో ఉండేది. మా పూర్వులు ఆ కోటలో కొలువు చేశారని మా ఇంట్లో చెప్పుకునేవారు. చేశారో లేదో నాకు తెలియదు గాని, చేసినవాళ్ళ లాగానే బతికారు. వానాకాలం పారే వంక దాటి ఊళ్ళోకి ఎక్కే మిట్ట మీద, బాట పక్కనే మా పెద్దవాకిలి. దాని ముందు నుంచి ఎవరూ వాహనం మీద కూర్చుని పోయేవారు కాదు. గుర్రం మీద వచ్చినవాడు గుర్రం దిగేవాడు, బండిలో వచ్చినవాడు బండి దిగేవాడు, చెప్పులు చేత పట్టుకుని అరుగు దాటి, ఆ తరువాతే మళ్ళీ ఎక్కేవాడు. అది న్యాయమా అన్యాయమా అని ఈ కాలంవాళ్ళు నన్ను అడగవచ్చు. నేను ఆ ఇంట్లో పుట్టాను.

తాత కోర్టుల్లో సగం ఆస్తి పోగొట్టాడు, మిగిలిన సగాన్ని వరుస కరువులు తీసుకుపోయాయి. నాకు ఇరవై నాలుగేళ్ళు వచ్చేనాటికి గాదెలు ఖాళీ, మా మోటారుకారు ఎవరో కొనుక్కుని పోయి చాలాకాలం. ఆ కారు నడపడానికి నాయన ఒకప్పుడు ఒక సాయిబును పెట్టారు. పద్నాలుగో ఏట నాకు స్టీరింగు పట్టడం నేర్పింది ఆయనే. కారు పోయాక ఆయన ప్రొద్దుటూరులో ఒక షావుకారు దగ్గర లారీకి కుదిరాడు. యుద్ధం రోజులు, పెట్రోలు దొరకదు, డ్రైవర్లందరూ పటాలానికి పోతున్నారు, నడపగలిగినవాడు కావాలని షావుకారు వెతుకుతున్నాడు. సాయిబు ఒకరోజు దొడ్డివైపు నుంచి వచ్చి అమ్మతో ఆ మాట చెప్పి, నాయనకు కనబడకుండా వెళ్ళిపోయాడు.

జమ్మలమడుగు తాలూకా కచేరీలో పని దొరికిందని నాయనకు చెప్పాను. ఆయన కళ్ళకు అప్పటికే పొరలు కమ్మాయి. అరుగు మీద కుర్చీలో కూర్చుని, వచ్చేపోయేవాళ్ళను అడుగుల చప్పుడును బట్టి పోల్చుకునేవారు. కచేరీకి పోయేవాడు ఎలా పోవాలో అలాగే పోవాలని, తాత నల్లకోటు తీయించి, రుమాలు తానే తడిమి తడిమి నా తలకు చుట్టారు. అమ్మ జొన్నరొట్టెలూ శెనగపొడీ మూటకట్టి ఇచ్చింది. ఆమెకు అంతా తెలుసు. మూట అందిస్తూ నా మొహం వైపు చూడలేదు.

ఆ కోటుతోనే ప్రొద్దుటూరులో లారీ షెడ్డులోకి అడుగుపెట్టాను. షావుకారు నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏమప్పా, పెండ్లికి పోతాండావా, లారీకి వచ్చినావా?" అన్నాడు. అక్కడున్నవాళ్ళందరూ నవ్వారు, సాయిబు తప్ప. ఆయన నన్ను పక్కకు తీసుకుపోయి, మెల్లగా, "చిన్నయ్యా, ఈడ అయ్యా గియ్యా ఉండదు. నేర్పేవాణ్ణి ఉస్తాద్ అనల్ల. అనకపోతే వీండ్లు నిన్ను బతకనీరు" అన్నాడు. మా ఇంటి తిండి తిన్న మనిషిని ఉస్తాద్ అని పిలవడానికి నాకు ఆ పగలంతా పట్టింది. సాయంత్రానికి పిలిచాను. ఆయన విననట్టు తల తిప్పుకున్నాడు. అది నా మీద దయ అని ఆనాడు తెలియక, పొగరు అనుకున్నాను.

మొదటిరోజు నాకు స్టీరింగు చూపించనైనా చూపించలేదు. క్యాబిను వెనక నిలువెత్తు ఇనుప పీపా ఒకటి బిగించి ఉండేది. దాంట్లో బొగ్గు రగిలిస్తే వచ్చే గ్యాసుతో ఇంజను నడిచేది. రాత్రి మిగిలిన బూడిద తోడెయ్యాలి, బొగ్గును జల్లెడపట్టి పొడి వేరుచెయ్యాలి, నిమ్మకాయంత ముక్కలను ఏరి పీపాలో నింపాలి. కొత్తగా వచ్చిన డ్రైవరు ఎవరైనా ఈ మసి పూసుకోకుండా సీటెక్కడానికి లేదు, అది ఆ షెడ్డు ఆచారం. కోటు విప్పి మేకుకు తగిలించాను. ఆ తరువాత దాన్ని మళ్ళీ వేసుకున్న గుర్తు లేదు.

రెండోరోజు నిప్పు సంగతి. పీపా పక్కనున్న గాలి ఊదే చక్రాన్ని చేత్తో అరగంట తిప్పితే గాని గ్యాసు తయారు కాదు. సన్నని గొట్టం మూతి దగ్గర అగ్గిపుల్ల గీస్తే మంట నీలంగా నిలబడాలి, ఎర్రగా ఎగిసిపడితే ఇంకా తిప్పాలి. దానికంటే ముఖ్యమైన పాఠం మరొకటి ఉంది. బరువుతో మిట్ట ఎక్కేటప్పుడు, దేవుడు అడ్డమొచ్చినా బొగ్గు లారీని ఆపకూడదు. ఆపితే గ్యాసు పడిపోతుంది, మళ్ళీ మొదటినుంచి చక్రం తిప్పుకోవాలి, ఈలోగా బండి వెనక్కి జారితే ఆపేవాడు ఉండడు. సాయిబు ఆ మాట నాచేత మూడుసార్లు చెప్పించాడు.

మూడోరోజు పరీక్ష. కడప బండలు నిండా ఎక్కించి, నన్ను సీటులో కూర్చోబెట్టి, పక్కన షావుకారు కూర్చున్నాడు. సాయిబు వెనక బండల మీద. ఎప్పుడూ పోయే బాటలో మోరీ వంతెన కూలిందని, వంక బాట పట్టమన్నాడు షావుకారు. వంక బాట అంటే మా ఊరి బాట. ఉద్యోగం వద్దని అక్కడే దిగిపోయి ఉండవచ్చు. ఇంట్లో అమ్మ చివరి జొన్నల కుండను అడుగు గోకడం మూడు రోజుల కిందటే చూసి వచ్చాను కనుక దిగలేదు.

వంక దాటాం. మిట్ట ఎక్కుతున్నాం, ఇంజను మూలుగుతోంది. పెద్దవాకిలి కనిపించింది, అరుగు మీద కుర్చీ, కుర్చీలో నాయన తెల్లటి తలపాగా కనిపించాయి. నేను ఆలోచించి చేశానని చెబితే అబద్ధమవుతుంది. నా కుడికాలు దానంతట అదే బ్రేకు మీద పడింది. ఆ ఇంటి కొడుకుగా వచ్చినవాడు దిగనక్కరలేదు. లారీ నడుపుకుంటూ వచ్చినవాడు దిగాలి. నేను దిగి, చెప్పులు చేత పట్టుకుని, ముఖం నిండా మసితో మా వాకిలి ముందు నుంచి నడిచాను.

నాయన తల ఎత్తారు. "ఎవురప్పా అది?"

"లారీ డ్రైవర్ను, సామీ."

"యా ఊరు?"

ఏదో ఊరు పేరు చెప్పాను.

"మంచిది. లారీవాండ్లు యాడా దిగరంటారు. నీకెవురో మర్యాద నేర్పినారు. చెప్పులు తొడుక్కోప్పా, నేల కాల్తాండాది" అన్నారు.

వెనక ఇంజను ఆగిపోయింది. బండి జారబోతుంటే సాయిబు దూకి టైరుకు బండ అడ్డం వేశాడు. షావుకారు కేకలు మొదలుపెట్టాడు. "మిట్ట మీద నిలబెడితివే! ఎవురికోసమప్పా దిగితివి? ఆ ముసలాయన నీకేమైతాడు?" సాయిబు నావైపు చూడకుండా పీపా చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. అరగంట సేపు, నా తండ్రికి పదిగజాల దూరంలో, నేనూ సాయిబూ మార్చి మార్చి ఆ చక్రం తిప్పాం. ఊరివాళ్ళు పదిమంది చేరారు. నన్ను పోల్చనివాడు వాళ్ళలో ఒక్కడూ ఉండి ఉండడు, అయినా ఒక్కడూ నా పేరు పలకలేదు. వాళ్ళు మా ఇంటికి ఇచ్చిన చివరి మర్యాద అదే.

ఊరు దాటాక షావుకారు ఎవరి ద్వారా తెలుసుకున్నాడో తెలియదు గాని, సంగతి తెలుసుకున్నాడు. నవ్వలేదు, అదొక్కటి మెచ్చుకోవాలి. "ఎల్లుండి గూడా ఇదే బాట. హారన్ కొట్టుకుంటా, నిలబెట్టకుండా పోతే నౌకరీ నీది. నిలబెడితివా, ఆడ్నే దిగి మీ ఇంటికి పో" అన్నాడు.

ఆ రెండు రాత్రులు నేను నిద్రపోలేదని రాస్తే వింతేమీ లేదు. ఎల్లుండి వచ్చింది. వంక దాటగానే హారన్ నొక్కాను. తాతల నాటి నుంచి నోరు మూసుకుని ఉన్న ఆ మిట్ట మీద ఆ చప్పుడు నా వీపు మీద దెబ్బలాగా తగిలింది. కళ్ళు బాట మీదే పెట్టుకోవాలనుకున్నాను, చివరి క్షణంలో పక్కకు తిరిగాయి. అరుగు ఖాళీ. కుర్చీ కూడా లేదు. జబ్బు చేసిందేమోనని ఆ పూటంతా కుమిలిపోయాను.

నెల తిరిగాక ఇంటికి పోతే నాయన లోపలి నడవలో, గాలీ వెలుతురూ రాని చోట, గోడవైపు మొహం పెట్టి కూర్చుని ఉన్నారు. బాగున్నానా అని అడిగారు. కచేరీ గురించి అడగలేదు. ఆనాడే కాదు, బతికున్న తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ అడగలేదు. అరుగు మీదికి మళ్ళీ రాలేదు. నాయన ఎందుకు రావడం లేదని అడిగినప్పుడల్లా అమ్మ కళ్ళ మంటలు, ఎండ అని ఏదో ఒకటి చెప్పేది. ఆయన పోయిన పదమూడోరోజు, అందరూ వెళ్ళిపోయాక, ఆ కుర్చీని తడిగుడ్డతో తుడుస్తూ అసలు మాట చెప్పింది. నేను చెప్పులు చేత పట్టుకుని నడిచిన రోజు సాయంత్రమే కుర్చీ లోపలికి వెయ్యమన్నారట. ఎందుకని ఆమె అడిగితే, "నేనాడ కూచుంటే వాడు బండి నిలబెడతాడే. వాడు నిలబెట్టకుండా పోవల్ల" అన్నారట.

ఆయన నన్ను లోపలికి పిలిచి చెంపమీద కొట్టి ఉంటే నేను ఇంత మోసుకుని తిరిగేవాడిని కాదు. నాకు మర్యాద నేర్పినవాళ్ళను మెచ్చుకుని, నేను నేర్చుకున్న మర్యాద నన్ను తిననివ్వదని తెలిసి, తన చోటును తానే తీసేసుకున్నారు. ఆ ఇంటి గౌరవం అప్పులవాళ్ళ చేతుల్లో పోయిందని ఊరివాళ్ళు అంటారు. అది కుర్చీతో బాటు నడవలోకి పోయిందని నాకు తెలుసు, మోయించింది నేనని కూడా తెలుసు.

ఇప్పుడు అక్కడ పెద్దవాకిలి లేదు, బాట వెడల్పు చేసినప్పుడు అరుగు పోయింది, మిట్టను కూడా తవ్వి చదును చేశారు. ఆ స్థలంలో ఎవరో లారీ టైర్లకు పంక్చర్లు వేసే కొట్టు పెట్టుకున్నారు. సిమెంటు లారీలు పగలూ రాత్రీ హారన్లు కొట్టుకుంటూ పోతాయి, ఎవరి కోసం దిగాలో ఎవరికీ తెలియదు, తెలియకపోవడమే మంచిదని నా మనవలు అంటారు. సోమవారం మావాడు కొత్త బూట్లతో పోతాడు. ఆ మూడు రోజులూ వాణ్ణి ఫ్యాను కింద కూర్చోబెట్టి, ఎక్కడెక్కడ బండి ఆపకూడదో బోర్డు మీద రాసి చెబుతారట. వాడికి అది తేలికగానే వస్తుంది.

నేను మాత్రం జమ్మలమడుగు బస్సులో ఆ దారిన పోవలసి వచ్చినప్పుడు కిటికీ వైపు కూర్చోను. ఎటు కూర్చున్నా వంక దాటగానే తెలిసిపోతుంది. కుడికాలు తనంతట తాను బస్సు నేలను గట్టిగా నొక్కుతుంది, చేతులు కిందికి పోయి చెప్పులు వెతుకుతాయి. బస్సు ఆగదు.