రిబ్బన్ మైక్ ముందు ఓదెలు కాక

గోదావరిఖని పాటల మీద ఇప్పటికి ఎన్నో సావనీర్లు వచ్చాయి. రాసినవాళ్లవి, పాడినవాళ్లవి, డప్పు కొట్టినవాళ్లవి, చివరికి టెంటు వేసినవాళ్లవి కూడా ఫొటోలు అచ్చయ్యాయి. ఆ పాటలను రికార్డు చేసిన నన్ను మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు. అందుకే అడగకుండానే రాస్తున్నాను.

అది 2011. ప్రత్యేక రాష్ట్రం కోసం బొగ్గుగనులు సమ్మెలో ఉన్నాయి. నా స్టూడియో అంటే కార్మికుల కాలనీ పక్క సందులో రెండు గదులు, గోడలకు పాత పరుపులు. మామూలు రోజుల్లో ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే కిటికీలు వణికేవి, పాట సగంలో ఆపాల్సి వచ్చేది. సమ్మె పుణ్యమా అని ఆ బెడద లేదు.

ఊళ్లోని ఒక పాటల బృందం సీడీ తెస్తోంది. దాని నాయకుడు రాజేందర్. సీడీలో ఒక పాట ఓదెలు కాక కట్టినది. కాక రిటైరైన కోల్ ఫిల్లర్, అంటే గని లోపల తట్టతో బొగ్గెత్తి టబ్బులు నింపినవాడు. ఆ దుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లోనే ఉండిపోయింది. గొంతు బాగుండేది కానీ, పాడుతుండగా దగ్గు తెర కమ్మేది.

"అన్నా, ఇయ్యాల ఒక్కనాడు చూద్దాం. కాకతోని కాకుంటే హైదరాబాద్‌ల ఇంకొగల్తోని పాడిపిద్దాం" అన్నాడు రాజేందర్, కాక వింటుండగానే.

కాక కోప్పడలేదు. "మా గని మీద నేను కట్టిన పాట. దమ్మున్నప్పుడే నా గొంతుల అది సీడీల వినాలె. గంతే" అన్నాడు.

మొదట కండెన్సర్ మైక్ పెట్టాను. అది చిన్న చప్పుడును కూడా వదలదు. కాక ఊపిరిలోని పిల్లికూతలు పాటకంటే ముందు వినిపించాయి. అప్పుడు బీరువాలోంచి రిబ్బన్ మైక్ తీశాను. సికింద్రాబాద్‌లో ఒక ముసలి రికార్డిస్టు సామాను అమ్ముకుంటుంటే తెచ్చుకున్నది. అందులో అయస్కాంతాల మధ్య అల్యూమినియం పట్టీ ఒకటి వేలాడుతుంది, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం దాని ముందు మందం. గొంతులోని గరుకును అది మెత్తగా అందుకుంటుంది. మీద గట్టిగా ఊదితే మాత్రం పట్టీ పాడవుతుంది.

"గీ తుప్పు డబ్బా ఏందన్నా? మీ తాతదా?" అన్నాడు రాజేందర్. బృందమంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తు.

కాకను దూరంగా నిలబెట్టాను. రెండు చరణాలు కాకముందే మైక్ మీదికి వంగి అరవడం మొదలుపెట్టాడు.

"కాకా, మీదికి రాకు. పట్టీ తెగుతది."

"మైకు పెట్టి నెమ్మదిగ పాడుమంటె ఎట్ల బిడ్డా? గని గేట్ మీటింగుల ఎనకున్నోనికి ఇనవడద్దా?"

ఆయన వెంట వచ్చిన భార్య రాజవ్వ గడప దగ్గర నీళ్ల సీసాతో కూర్చుని ఉంది. "గా డబ్బాకు పాడుడేంది? నాకు పాడు. ఇంట్ల పాడుతలేవా?" అంది.

రిబ్బన్ మైక్‌కు ముందూ వెనకా రెండు వైపులా వినిపిస్తుంది. పక్కలకే చెవుడు. నాకు అప్పుడు తట్టింది. రాజవ్వను మైక్‌కు అటువైపు, కాకకు ఎదురుగా, కోరస్ అందుకోవడానికి నిలబెట్టాను.

"దగ్గస్తె ఆగకు కాకా. గోడ దిక్కు జరిగి దగ్గు. అవ్వ ఎత్తుకుంటది."

కాక ఈసారి ఆమె ముఖం చూస్తూ పాడాడు. అరుపు పోయి, ఇంట్లో పాడుకునే గొంతు వచ్చింది. మూడో చరణం దగ్గర దగ్గు రానే వచ్చింది. తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు జరిగాడు. రాజవ్వ పల్లవి ఎత్తుకుంది. ఆయన తేరుకోలేదని చూసి మళ్లీ మొదటినుంచి అందుకుంది. కాక వచ్చి చరణం పట్టుకున్నాడు. తిరిగి వింటే, దగ్గు ఎక్కడో వాకిట్లో ఎవరో దగ్గినట్టు పల్లవి కింద అణిగిపోయింది.

"గిది నేనేనా?" అన్నాడు కాక.

"నువ్వు గాకుంటె ఎవలు? ఇన్నేండ్లు సంసారం జేసిన, నాకెరుక గాదా?" అంది రాజవ్వ.

రాజేందర్ కూడా చివరిదాకా విన్నాడు. "మంచిగుందన్నా. గిదే పెడదాం" అన్నాడు.

సీడీ వచ్చింది. అందులో ఉన్నది హైదరాబాద్ గొంతు. రాజేందర్‌కు ఫోన్ చేస్తే, "క్వాలిటీ లేదని సీడీ కమిటీ ఒప్పుకోలేదన్నా" అని పెట్టేశాడు. కాక ఆ సీడీని చౌరస్తాలో చాయ్ హోటల్ దగ్గర విన్నాడు. "మాటలన్నీ నాయే" అని చెప్పి, చాయ్ తాగకుండా ఇంటికి పోయాడట. రాష్ట్రం వచ్చాక వేడుకల్లో ఆ పాట మోగింది. అప్పుడూ ఆ గొంతే.

ఈ పని నాకు నేర్పింది ఒకటుంది. పాడటానికి ఎవరొచ్చినా ఇప్పుడు నేను ముందు మైక్ సంగతి చూడను. మీ పాట ఇంట్లో ఎవరు వింటారని అడుగుతాను. ఆ మనిషిని వెంట తెచ్చుకోమంటాను.

రాజేందర్ నా ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. నువ్వు బాగుందన్న పాటలో కమిటీకి కనిపించిన లోపం ఏమిటి? ఆ కమిటీలో దాన్ని పూర్తిగా విన్నదెవరు? జవాబు నాకు చెప్పకపోయినా సరే. కాక ఇంకా ఉన్నాడు. ఇంటికి వెళ్లి, రాజవ్వ పక్కన ఉండగా, ఆయనకు చెప్పు.