కనబడని గది

అచ్చంపేట దాటాక, నల్లమల అంచున ఒక రైతు పొలం చివర చిన్న చెక్క గది కట్టాలి. దానికి చోటు చూడటానికి కాకినాడ నుంచి వెళ్లాను. చెట్టు కొట్టకుండా, బండ కదపకుండా, పది అడుగుల దూరం నుంచి చూసినా కనబడని గది. నేను గీసి కట్టించే ఇళ్ల గొప్పంతా అదే.

దారి చూపడానికి గూడెం నుంచి ఒక అవ్వ వచ్చింది. కర్రతో బండల్ని కొడుతూ, ఎవరితోనో పోట్లాడుతున్నట్టు గట్టిగా మాట్లాడుతూనే నడిచింది. నాకు చిరాకేసింది.

నేను మనసుపడ్డ రెండు బండల సందు దగ్గర అవ్వ నా చొక్కా పట్టి లాగింది. నేలమీద ఎలుగుబంటి పెంట, ఇప్పపూలతో, ఇంకా తడిగా. సందులో ఎండుటాకులు కదిలాయి.

"పోతున్నం తల్లీ, మేం పోతున్నం," అంది అవ్వ, బండలకేసి.

వీపు తిప్పకుండా వెనక్కి నడిచాం.

బాట మీదికొచ్చాక, ఏదో ఒకటి మాట్లాడాలని, నేను గీసిన గది బొమ్మ చూపించాను.

"ఇల్లేది బిడ్డా?"

"కనబడదవ్వా. అడవిలో కలిసిపోతుంది."

"గట్లయితే గుడ్డెలుగుకు గూడ కనబడదు. మనం ఉన్నమని దానికి ఎరుక గావాలె. ఎరుకైతే అదే తప్పుకుంటది. దాక్కున్నోని మీదికే వస్తది. గందుకే గదా, దారి పొడుగునా ఒర్రుకుంట వచ్చిన."

బొమ్మ మడిచి జేబులో పెట్టుకున్నాను. గూడెం చేరేదాకా ఈసారి నేనే అరిచాను. నా పేరు, మా ఊరు, మా అమ్మ పేరు, అన్నీ ఆ బండలకు చెప్పుకున్నాను.