అన్న చెంబులో నీళ్ళు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళను ఎగతాళి చేసినవాణ్ణి నేను. ఇప్పటికీ వాటిని నమ్మను. అయినా ఒక మధ్యాహ్నం వేములలో మా వదిన ఇంట్లో జరిగింది రాయక తప్పదు. అందుకు ముందు మా అన్న సంగతి చెప్పాలి.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో మేము జమ్మలమడుగులో ఉండేవాళ్ళం. అన్నకు మూత్రపిండాలు చెడి కాళ్ళూ ముఖమూ ఉబ్బాయి. రక్తాన్ని కడిగే యంత్రం గురించి ఈమధ్య పత్రికల్లో చదువుతున్నాను. అప్పుడు మేము దాని పేరైనా వినలేదు. ప్రొద్దుటూరు డాక్టరు అన్న చేతికి పట్టీ చుట్టి, పాదరసం ఎక్కడం చూసి, రక్తపోటు చాలా ఎక్కువగా ఉందన్నాడు. ఉప్పు పూర్తిగా మానాలి, నీళ్ళు కొలిచి తాగాలి అన్నాడు.

వదిన తనూ చప్పిడి కూడే తినేది. "ఏందే, ఊర్లో ఉప్పంగడి మూసేసినారా?" అని అన్న రోజూ నవ్వించేవాడు. వాపు తగ్గింది. పాదరసమూ కిందికి దిగింది.

ఒకరోజు దీపాలు పెట్టే వేళ అమ్మ నన్ను అన్నకు దిష్టి తీయమంది. మా వైపు గుప్పెడు ఉప్పు మనిషి చుట్టూ తిప్పి నీళ్ళలో వేస్తారు. ఉప్పు కరిగినట్టే జబ్బూ కరుగుతుందని నమ్మకం. తర్వాత ఆ నీళ్ళు ఎవరూ తొక్కని చోట పారబోయాలి. నేను చేతికందిన, అన్న నీళ్ళు తాగే చెంబులోనే ఉప్పు వేసి, మంచం కింద పెట్టి, పారబోయడం మరిచిపోయాను. తెల్లవారి చూస్తే చెంబు ఖాళీ. దప్పికకు తాగాడో, ఉప్పు మీద ఆశతో తాగాడో.

మళ్ళీ ముఖం ఉబ్బింది. ఊపిరాడలేదు. పాదరసం చూసి డాక్టరు, "ఎవరమ్మా ఉప్పు పెట్టింది?" అని కసిరాడు.

"ఇంకెవరు సామీ? మొగుడు అడిగినాడని ఊరగాయ నాకించింటాది మహాతల్లి!" అంది అమ్మ, వదిన వైపు చూస్తూ.

వదిన లేదని ఏడ్చింది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను.

అన్న పోయాడు. ఆ ఒక్క చెంబే చంపిందని ఎవరూ అనలేరు. కానీ దినాలు కాగానే అమ్మ వదినను పుట్టింటికి పంపేసింది. వదిన అన్న చెంబును వెంట తీసుకుపోయింది.

అమ్మ చివరిదాకా అదే నమ్మి పోయింది. ఆ తర్వాత ఒకరోజు, వదినకు చెప్పేద్దామని బయలుదేరి పులివెందులలో బస్సు దిగి వేములకు ఎద్దులబండి ఎక్కాను. ఎవరికీ కబురు చేయలేదు. ఎండకు దారి నీళ్ళలా కదులుతోంది. బండివాడు తూగుతున్నా ఎద్దులు వాటి పాటికి నడుస్తున్నాయి. నేను మెలకువలో ఉన్నానో కునుకులో ఉన్నానో తెలియలేదు.

వదిన గడపలోనే నిలబడి ఉంది.

"రాప్పా. నువ్వొస్తాండావని మీయన్న ఇప్పుడే చెప్పిపాయె. రవంత కునుకు పట్టింటే కలలోకొచ్చినాడు. 'వాడికి నా చెంబుతో నీళ్ళు ఇయ్యొద్దే' అన్న్యాడు. ఏంటికో చెప్పల్యా."

చెంబు సంగతి నేను ఏ ఒక్కరికీ చెప్పి ఉండలేదు.

ఆ చెంబుతోనే ఇమ్మన్నాను. కడవలో ముంచి ఇచ్చింది. ఒక గుక్క తాగాను. గొంతు మండేంత ఉప్పు. వదిన అదే చెంబు ఎత్తి తాగింది.

"తియ్యగుండాయి గదప్పా!"

అప్పుడు అంతా చెప్పాను. ఆమె చెంబును కొంగుతో తుడిచింది. "ఈ మాట మీయమ్మ బతికుండంగ చెప్పింటే..." అంది.

ఆ కల ఎలా వచ్చిందో, ఆ నీళ్ళు నా నోటికే ఎందుకు ఉప్పగా తగిలాయో ఇప్పటికీ చెప్పలేను. మా బంధువుల్లో ఇంకా వదిననే అనేవాళ్ళు ఉన్నారు. అన్నకు ఉప్పు పెట్టింది వదిన కాదు. ఆ చెంబు మంచం కింద పెట్టింది నేను.