మా అమ్మాయి ఎక్కని బస్సు

దయ్యాలూ భూతాలూ అంటే నాకు ఒళ్లు మంట. భయం కాదు, మంటే. మా చర్చిలో ఎవరికైనా కళ్లు తిరిగితే దురాత్మ పట్టిందంటారు. నేను వెళ్లి, బీపీ చూపించుకున్నారా అని అడుగుతాను. ఇరవై ఏళ్లుగా ఇదే గొడవ. బీఎస్సీ, బీఎడ్ చేసి గుండ్లపోచంపల్లిలో ఒక చిన్న ప్రైవేటు బడిలో జీవశాస్త్రం చెబుతున్నదాన్ని. ఒకసారి కంటితో చూసినదాన్ని కూడా రెండోసారి చూస్తే తప్ప నమ్మను.

అలాంటిదాన్ని ఇది రాయాల్సి రావడం నాకే నచ్చలేదు. కానీ జరిగింది చీకట్లో కాదు. పొద్దున ఏడున్నర గంటల ఎండలో, నా కళ్లముందు, ఒకసారి కాదు, పద్దెనిమిది సార్లు.

మా అమ్మాయి పేరు కెజియా. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫస్టు క్లాసులో పాసై అప్పటికి ఏడాది దాటింది. ఉద్యోగం లేదు. ఉద్యోగం లేని పిల్లకు పని ఉండదనుకునేవాళ్లు ఒక వారం మా ఇంట్లో ఉండి చూడాలి. లేవగానే ఫోన్లో ఉద్యోగాల యాప్‌లు. ఆ తర్వాత సుచిత్ర చౌరస్తాలో జిరాక్సు షాపు, రెజ్యూమెలో ఒక్క లైను మార్చి మళ్లీ ప్రింటు. వాకిన్ ఇంటర్వ్యూ అని తెలిస్తే చాలు, మేడ్చల్ చుట్టుపక్కల ఏ మందుల కంపెనీ గేటు ముందైనా పొద్దున ఆరింటికే లైనులో ఉండేది. మధ్యాహ్నం రెండింటికి లోపలికి పిలిచి ఎక్స్‌పీరియన్స్ ఉందా అని అడుగుతారు. లేదని చెబితే, కాల్ చేస్తామంటారు. చెయ్యరు. పనే ఇవ్వకపోతే ఎక్స్‌పీరియన్స్ ఏ దుకాణంలో దొరుకుతుందో చెప్పమని ఒక గేటు దగ్గర నేను సెక్యూరిటీ అతనితో వాదన పెట్టుకున్నాను. పాపం, అతనిదీ డిగ్రీయేనట.

వీటన్నిటికన్నా కష్టం ఆదివారం. మా చర్చిలో ప్రార్థన విన్నపాలు పైకి చదువుతారు. ఒకరి మోకాళ్ల నొప్పి, ఒకరి ఇంటి గొడవ, ఆపైన "సహోదరి కెజియా ఉద్యోగం కొరకు". వందమంది తలలు వంచేవాళ్లు. మొదట్లో ధైర్యంగా ఉండేది. ఏడాది గడిచాక ఒకామె నా దగ్గరికొచ్చి, "ఇంట్ల ఏమన్న పాపం దాగున్నదేమో సూసుకోండ్రి అక్కా" అంది. ఆమెకు నేనిచ్చిన జవాబు ఇక్కడ రాయదగ్గది కాదు. కానీ ఆ మాట కెజియా చెవిన పడింది.

ఆ మరుసటి ఆదివారం, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పే సమయంలో మా అమ్మాయి లేచి నిలబడింది. శామీర్‌పేట దాటాక ఉన్న ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్లో, దేవుడు తనకు ఉద్యోగం ఇచ్చాడని చెప్పింది. రేపే చేరాలంది. అందరూ స్తోత్రం అన్నారు. నేను ఏడ్చేశాను. రెండు నెలల కింద ఆ కంపెనీ వాకిన్‌కు వెళ్లిన మాట నిజమే కాబట్టి నాకు అనుమానం రాలేదు. ముందే ఎందుకు చెప్పలేదంటే సర్‌ప్రైజ్ అంది.

మా దగ్గర ఒక పద్ధతుంది. ఎవరికి ఉద్యోగం వచ్చినా, తర్వాతి నెల మొదటి ఆదివారం అపాయింట్‌మెంట్ లెటరు తెచ్చి, ప్రసంగం చేసే వాక్యపీఠం ముందున్న బల్ల మీద పెట్టాలి. పాస్టరుగారు దానిమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు. ఆ ఆదివారానికి ఇంకా నాలుగు వారాలున్నాయి.

మర్నాటి నుంచి కెజియా అన్నం డబ్బా పట్టుకుని ఏడుంబావుకల్లా బయల్దేరేది. మాది రెండో అంతస్తు, పైన డాబా. బట్టలు ఆరేసేటప్పుడు చూస్తే హైవే పక్కన సర్వీసు రోడ్డు కనిపిస్తుంది. ఏడున్నరకు నీలం గీత ఉన్న తెల్ల స్టాఫ్ బస్సు అక్కడ ఆగేది. ఐదారుగురు ఎక్కేవాళ్లు, అందరికన్నా ఆఖర్న మా అమ్మాయి. ఎక్కే ముందు భుజం మీది బ్యాగును కడుపు మీదికి తిప్పుకోవడం తనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ బస్సు కనుమరుగయ్యేదాకా నిలబడేదాన్ని. ఆ రోజుల్లో నాకు అంతకన్నా మంచి దృశ్యం ఇంకోటి లేదు.

రెండో వారం అంగడిలో కూరగాయలు ఏరుతుంటే, మెడలో కంపెనీ కార్డు వేసుకున్న ఒకావిడ నవ్వుతూ వచ్చింది.

"మీరు కెజియా మమ్మీనే గదా అక్కా? ముక్కు సేమ్ ఉన్నది. నేను సరళ, ప్యాకింగ్‌ల జేస్త. బస్సుల మీ బిడ్డ నా పక్కకే కూసుంటది. మీ పుంటికూర తొక్కు నిన్న నాకు గింత పెట్టింది. మస్తున్నది."

ముందురోజు నేను కట్టిన డబ్బాలో ఉన్నది పుంటికూర, అదే గోంగూర తొక్కే. ఆ పొగడ్తకు పొంగిపోయి, ఇంకో సీసా పెట్టి పంపిస్తానని కూడా చెప్పాను.

మూడో వారం శుక్రవారం మా బడి పిల్లల్ని శామీర్‌పేట జింకల పార్కుకు తీసుకెళ్లాం. ఆ పొద్దున కూడా డాబా మీంచి చూశాను. ఆకుపచ్చ చుడీదార్‌లో మా అమ్మాయి తెల్ల బస్సు ఎక్కింది. పదకొండింటికి మేం పార్కులో దిగాం. లోపల కొంచెం దూరం నడిచాక, ఒక బెంచీ మీద అదే ఆకుపచ్చ చుడీదార్, పక్కన మూత తీసిన డబ్బా, చేతిలో ఫోను. కెజియా.

"ఏందే, డ్యూటీ లేదా ఇయ్యాల?" అన్నాను.

తను లేవలేదు. "నాకు ఏ డ్యూటీ లేదు మమ్మీ. ఎన్నడు లేకుండె."

మొత్తం చెప్పేసింది. ఆ ఆదివారం తన పేరు మళ్లీ చదువుతారని భయం వేసి లేచి నిలబడిందట. నేను డాబా మీద ఉంటానని తెలుసు కాబట్టి రోజూ ఇంటి వెనక సందులోంచి వెళ్లి, మామూలు సిటీ బస్సు ఎక్కేదట. మేడ్చల్, అక్కణ్నుంచి శామీర్‌పేట, బుద్ధి పుడితే వెనక్కి సుచిత్ర. "లేడీస్‌కు ఫ్రీ గదా మమ్మీ. పొద్దుందాక తిరిగినా ఎవ్వలడుగరు."

నేను మొదలుపెట్టాను. ఆరో తరగతి పిల్లలు నలభైమంది జింకల్ని వదిలేసి నన్నే చూస్తున్నారు. చదువు, అబద్ధం, చర్చి, పరువు, అన్నీ వరసగా అందుకున్నాను. సగం తిట్టులో ఉండగా నోరు ఆగిపోయింది.

"మరి పొద్దున తెల్ల బస్సు ఎక్కిందెవరే?"

"ఏ తెల్ల బస్సు?" అంది కెజియా.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద వాదన. మా ఆయన గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతారు, మాటలు తక్కువ. "నీ అద్దాలు మార్పియ్యాలె" అన్నారు. సరే, అద్దాలే అనుకుందాం. నాకూ అదే కావాలి. మరి సరళ? ఆమెకు తొక్కు పెట్టిందెవరు? నేను పొద్దున కట్టింది ఒక్క డబ్బా. ఆ రోజు తొక్కంతా తానే తిన్నానని కెజియా ప్రమాణం చేస్తోంది.

పిల్లలకు ప్రయోగాలు చెప్పేదాన్ని కదా, శనివారం నేనూ ఒకటి చేశాను. కెజియాను వంటింట్లో ఉప్మా పళ్లెం ముందు కూర్చోబెట్టాను. కదలొద్దన్నాను. ముందురోజు వేసుకున్న ఆకుపచ్చ చుడీదార్ ఉతికి డాబా మీద ఆరేశాను. మా ఆయన్ని పక్కన నిలబెట్టాను.

ఏడున్నరకు బస్సు వచ్చింది. ఐదుగురు ఎక్కారు. ఆఖర్న ఆకుపచ్చ చుడీదార్ అమ్మాయి. బ్యాగు కడుపు మీదికి తిప్పుకుని ఎక్కింది. నా ఎడమ చేతి కింద తీగ మీద అదే చుడీదార్ నీళ్లు కారుతోంది. నేను దాన్ని పిండి మరీ చూశాను.

"గా పిల్ల మన పిల్ల లెక్కనే ఉన్నదే" అన్నారు మా ఆయన. ఆ తర్వాత అద్దాల మాట ఎత్తలేదు.

కిందికి పరుగెత్తాను. కెజియా ఉప్మా ముందే ఉంది. విషయం విని భయపడుతుందనుకున్నాను. పళ్లెం పక్కకు నెట్టి అన్న మాట ఇది: "నేను దాటలేని ఇంటర్వ్యూ అది దాటింది మమ్మీ." ఆ గొంతులో ఉన్నది భయం కాదు. రోషం.

సోమవారం బడికి సగం రోజు సెలవు పెట్టి కెజియాతోపాటు స్టాపుకు వెళ్లాను. ఏడుంబావుకే నిలబడ్డాం. ఒక్కొక్కరే వస్తున్నారు. అందరి ముఖాలూ చూశాను. ఆ రెండో అమ్మాయి రాలేదు. ఐదుగురే.

బస్సు ఆగింది. కిటికీలోంచి సరళ తల బయటపెట్టింది. "కెజియా, జల్దీ ఎక్కు, సీటు ఆపిన. నమస్తే అక్కా, సీసా తేలేదా?"

డ్రైవరు విసుక్కున్నాడు. "నువ్వు దినాం ఆఖర్నే ఎక్కుతవు బిడ్డా. నీ వల్లనే లేటు."

కెజియా మెట్టు మీద కాలు పెట్టింది. నేను బ్యాగు పట్టీ పట్టుకున్నాను.

"లోపల అది ఉంటే ఏంజేస్తవే?"

"ఉంటే అడుగుత. ఇడువు మమ్మీ."

వదిలేశాను. నా జన్మలో వాదించకుండా ఒప్పుకున్న మాట బహుశా అదొక్కటే.

ఆ కంపెనీలో ఫోన్లు గేటు దగ్గరే తీసి పెట్టుకుంటారు. సాయంత్రం దాకా కబురు లేదు. మధ్యాహ్నం బడికి వెళ్లి ఒకే పాఠం ఒకే క్లాసుకు రెండుసార్లు చెప్పాను. పిల్లలు మర్యాదగా రెండుసార్లూ రాసుకున్నారు. ఆరింటికి వెళ్లి సర్వీసు రోడ్డు మీద నిలబడ్డాను. బస్సు దిగిన మా అమ్మాయి కళ్లు మెరుస్తున్నాయి. ఇంటిదాకా ఆగలేక రోడ్డు మీదే చెప్పింది.

గేటు దగ్గర వేలు పెట్టే మిషన్ ఉందట. ఎర్ర దీపం వస్తే వెనక్కి వచ్చేద్దామని వేలు పెట్టింది. పచ్చ దీపం వెలిగింది. తన పేరుతో లాకరు ఉంది. ల్యాబులో తన పేరుతో నోట్‌బుక్కు ఉంది, అందులో తన చేతిరాత, ఏడు అంకె నడుముకు అడ్డగీతతో సహా. పని మాత్రం ఏమీ చేతకాలేదు. మిషన్ ముందు నిలబడి తికమకపడితే పై మేడమ్ "శనివారందాక మంచిగ జేస్తివి గదా, జ్వరమా?" అని అడిగి మళ్లీ మొదటినుంచి చూపించిందట. తనలాంటి ఇంకో అమ్మాయి కోసం క్యాంటీన్‌తో సహా అన్నిచోట్లా వెతికింది. ఎవరూ లేరు.

బుధవారం ఆఫీసులో లెటరు కాపీ అడిగింది. మీరు సంతకం పెట్టి తీసుకున్నారు కదా అంటూనే ఇంకోటి ఇచ్చారు. సంతకం తనదే. చేరిన తేదీ, తను చర్చిలో సాక్ష్యం చెప్పిన మరునాడు.

ఇక్కడ మా ఇద్దరికీ తగువు వచ్చింది. లెటరు నిజం, సంతకం నిజం, వేలు నిజం, ఇగ నోరు మూసుకుని పని చేసుకోమని నేనన్నాను. "నేను చెప్పిన్నాడు అది అబద్ధమే గదా మమ్మీ" అంది.

మొదటి ఆదివారం లెటరు బల్ల మీద పెట్టి, కెజియా మైకు తీసుకుంది. "ఆరోజు నాకు ఉద్యోగం రాలేదు. అబద్ధం చెప్పిన. మూడు వారాలు పార్కుల కూసున్న. నన్ను క్షమించండి."

పాస్టరుగారు లెటరు తీసి, తేదీ చూసి, నవ్వారు. "నువ్వు చెప్పిన తెల్లారే చేరినవని ఇందుల ఉన్నది గదమ్మా. అబద్ధం ఎట్లయితది?"

వెనకనుంచి, పాపం సంగతి చెప్పిన ఆమే లేచింది. "పిల్ల పరేషాన్ల ఏదో అంటాంది అయ్యగారు. మా ఇంటి ముంగటనే దినాం బస్సెక్కుతది. నేను సూస్త గదా."

నేను లేచాను. అది మా అమ్మాయి కాదు, నేనూ చూశాను, అప్పుడు ఆ చుడీదార్ తడిగా నా చేతిలోనే ఉంది అన్నాను. నా మాటలు నాకే ఎలా వినిపించాయో చెప్పలేను. "ఆధారమేమన్న ఉన్నదా అక్కా?" అని ఆమె చాలా మర్యాదగా అడిగింది. అందరూ నవ్వారు. ఆధారాలన్నీ వాళ్లవైపే ఉన్నాయి. కూర్చున్నాను. పాస్టరుగారు లెటరు మీద చెయ్యి పెట్టారు. అందరూ కళ్లు మూసుకున్నారు. మేమిద్దరం మూసుకోలేదు.

ఇది జరిగి ఎనిమిది నెలలు. ఆ తర్వాత డాబా మీంచి రెండో మనిషి ఎప్పుడూ కనిపించలేదు. పోలిక అనుకుందామంటే వేలిముద్ర అడ్డం. పొరపాటు అనుకుందామంటే సంతకం అడ్డం. దురాత్మ అని మాత్రం ఇప్పటికీ అనను. రోజూ వేళకు వెళ్లి పద్దెనిమిది రోజులు ఒళ్లొంచి పనిచేసే దురాత్మ గురించి నేనెక్కడా వినలేదు. ఏమిటో నాకు తెలియదు, అంతే.

కెజియా ఇప్పుడు పని బాగా చేస్తోంది. ఎవరు నేర్పారని మొన్న అడిగాను. కొంత మేడమ్ నేర్పిందట. మిగతాది ఆ నోట్‌బుక్కులో మొదటి పద్దెనిమిది రోజుల పేజీలు చూసి నేర్చుకుందట. ఒక్క కొట్టివేత కూడా లేకుండా చాలా ఓపిగ్గా రాసి ఉందట, చూసేవాళ్లకు అర్థమయ్యేలాగా.